మూడో క్లిప్పుకీ నాలుగో క్లిప్పుకీ మధ్య

జూన్ 9, సోమవారం

కుళాయి దగ్గర వరుసలో నా ముందు పదకొండుమంది ఉన్నారు. సముద్రపు నీళ్ళలో ఉప్పు తీసే యంత్రంలో ఒక జల్లెడ పాడైంది కాబట్టి ఈ వారం మనిషికి ఆరు లీటర్లే. డబ్బా నింపుకుని ఎనిమిదింటికి వార్డుకు వచ్చాను.

ఇవాళ ఆపరేషన్ 212. పేషెంటు గరికిన కాసులమ్మ, నలభై నాలుగేళ్ళు. నాచు కోసే మనిషి. రోజుకు ఆరు గంటలు దిమ్మ అడుగున, నీళ్ళలో ఉంటుంది. జీర్ణాశయం గోడలో రేగుపండంత గడ్డ. సముద్రం మీద తేలే ఈ నాలుగో దిమ్మలో రెండు వేల మంది ఉన్నారు. ఈ ఏడాది ఇలాంటి గడ్డలు ముప్పై ఒక్కరికి బయటపడ్డాయి. కారణం నీళ్ళా, నాచా అన్నది తేలలేదు. తేలనిది నేను రాయను.

ఇక్కడ డాక్టరు లేడు. నర్సు పేర్ల సింహాద్రి ఉన్నాడు. గోడ పెట్టెలో యంత్రం ఉంది. పెట్టె మీద దాని అసలు పేరు పొడుగ్గా రాసి ఉంటుంది, ఎవరూ వాడరు. నోట్లోంచి లోపలికి పోయి, కడుపు బయటినుంచి కోయకుండానే గడ్డ తీసుకుని వస్తుంది కాబట్టి అందరికీ అది పాము.

"పామంటే నాకు బయం నేదు సింహాద్రీ. రోజూ ఆటి మద్దెనే పని. ఇది నమలకుండా ఉంటే సాలు" అంది కాసులమ్మ బల్ల మీద పడుకుంటూ.

"దీనికి పళ్ళు నేవప్పా. నోరు తెరు."

"ఎన్నాళ్ళకి! మా మావ ఎప్పుడూ మూసుకోమనే అంటాడు."

తలుపు బయట నిలబడ్డ ఆమె భర్త ఎర్రన్న అది విన్నాడు. నవ్వలేదు.

నా పని మూల స్టూలు మీద కూర్చుని, తెర మీద కనిపించింది చేత్తో రాయడం. యంత్రం తన గురించి తాను రాసుకున్నది చెల్లదని పద్దెనిమిదేళ్ళ కిందట చట్టం వచ్చింది. పక్కన ఒక మనిషి ఉండాలి. డాక్టరు కానక్కర్లేదు, చూసింది చూసినట్టు రాసేవాడైతే చాలు. పత్రికలు మూతపడ్డాక మా రిపోర్టర్లలో చాలామంది ఇందులోకి వచ్చారు. ఉద్యోగం పేరు చూపరి.

మత్తు ఇచ్చాక, 9:40కి పాము లోపలికి వెళ్ళింది. 10:22కి గడ్డ చుట్టూ కోత పూర్తయింది. గోడ పూర్తి మందం తెగింది. గడ్డ అంత లోతుగా ఉంది కాబట్టి తెగుతుందని ముందే తెలుసు. రంధ్రం పద్దెనిమిది మిల్లీమీటర్లు. అవతలి కొవ్వు పసుప్పచ్చగా కనిపించింది. 10:31కి గడ్డ బయటికి వచ్చింది. 10:34 నుంచి 11:02 దాకా రంధ్రం మూసింది. అంచులు కలిపి బిగించే క్లిప్పులు ఏడు.

11:06కి నీళ్ళ పరీక్ష. మూసిన చోట నీళ్ళు నింపి తొంభై సెకన్లు చూస్తారు. ఎక్కడైనా సందు మిగిలితే, కోతప్పుడు గోడ అవతలికి పోయిన గాలి అందులోంచి వెనక్కి వచ్చి బుడగ కడుతుంది.

11:07కి మూడో క్లిప్పుకీ నాలుగో క్లిప్పుకీ మధ్యనుంచి ఒక బుడగ లేచింది. ఆవగింజంత.

"సింహాద్రీ, చూశావా?"

"ఏటి గురువుగారూ? నేను నాడి సూస్తన్నాను."

"బుడగ."

అతను తెర వైపు తిరిగాడు. ఇద్దరం చూశాం. మరొకటి రాలేదు.

"క్లిప్పు కింద ఇరుక్కున్న గాలయ్యుంటాది. రాస్తారేటి?"

తెర మీద పచ్చ అక్షరాలు పడ్డాయి. మూత పూర్తి. లీకు లేదు.

చూపరి పుస్తకంలో 'సందేహం' అని రాస్తే పాము ఆ చోట మరో క్లిప్పు వేసి బయటికి వస్తుంది. తర్వాత తనకు తానే తాళం వేసుకుంటుంది. ఒడ్డునుంచి తనిఖీ మనిషి వచ్చి తీసేదాకా ఇంకెవరికీ ఆపరేషన్ ఉండదు. కిందటి ఏడాది ఒకసారి అలా రాశారు. ఇరవై మూడు రోజులు పట్టింది. ఇప్పుడు వరుసలో పద్నాలుగుమంది ఉన్నారు. వాళ్ళలో లచ్చయ్యకీ నూకాలుకీ గడ్డనుంచి నెత్తురు పోతోంది.

ఇరవై ఆరేళ్ళు పత్రికలో పనిచేశాను. ఒక్కడు చెప్పింది వార్త కాదు, రెండోవాడు చెప్పాలి. ఈ పద్ధతివల్లే నా మీద ఒక్క కేసు కూడా నిలవలేదు. బుడగకు రెండోవాడు లేడు.

పుస్తకంలో ఇలా రాశాను: 'నీళ్ళ పరీక్ష తొంభై సెకన్లు జరిగింది. యంత్రం ఇచ్చిన ఫలితం, లీకు లేదు.' ఇందులో ఒక్క అబద్ధం లేదు. బుడగ సంగతి ఈ సొంత నోటుబుక్కులో మాత్రం రాసుకుంటున్నాను.

జూన్ 10, మంగళవారం

జల్లెడ మార్చారు. మనిషికి ఎనిమిది లీటర్లు.

కాసులమ్మ దిండుకు ఆనుకుని కూర్చుంది. ముక్కులోంచి గొట్టం. నోటికి ఏమీ ఇవ్వకూడదు. జ్వరం 99.2. నాడి 92.

"బాబూ, నిన్న లోపలంతా సూసేవు కదా. నా కడుపెలగుంది?" అని నన్నడిగింది.

"శుభ్రంగా ఉంది."

"ఇరవయ్యేళ్ళు కాపురం సేసిన మావే సూడనిది నువ్వు సూసేవు. ఎక్కడా సెప్పకు."

ఎర్రన్న మంచం పక్కన పీట మీద కూర్చుని ఆమె కాళ్ళు పడుతున్నాడు. ఇంట్లో చేపలు ఎండలో వేశావా, తాళం వేసి వచ్చావా అని ఆమె అడుగుతూ ఉంది. అన్నిటికీ తల ఊపాడు.

పదకొండింటికి ఎడమ భుజం లాగుతోందంది. కడుపులో మిగిలిన గాలివల్ల భుజం నొప్పి వస్తుందనీ, రెండు రోజుల్లో పోతుందనీ సింహాద్రి చెప్పాడు. అది నిజమే, చాలామందికి వచ్చింది. నాతోపాటు ఇతర చూపర్లు రాసిన పాత పేజీలు తిరగేశాను. కిందటి ఇరవై ఆపరేషన్లలో తొమ్మిదిమందికి భుజం నొప్పి ఉంది. వాళ్ళెవరి పరీక్షలోనూ బుడగ లేదు. ఉన్నా రాశారో లేదో నాకు తెలియదు.

జూన్ 11, బుధవారం

ఉదయం ఎనిమిదిన్నరకు జ్వరం 100.8. నాడి 112. ముట్టుకుంటే కడుపు బిగుస్తోంది. యంత్రాన్ని అడిగితే 'ఆశించిన పరిధిలో ఉంది' అని జవాబిచ్చింది.

11:20కి సింహాద్రి రేడియోలో ఒడ్డుకు మాట్లాడాడు. అవతల డాక్టర్ వేదవల్లి. వయసు డెబ్భై ఒకటి. అందరి ఆపరేషన్లూ పాములు చేస్తున్న ఈ రోజుల్లో, చేత్తో కడుపు తెరిచి కుట్టగలిగినవాళ్ళు ఈ తీరంలో ఇద్దరే మిగిలారు. ఆవిడ ఒకరు.

"పాము వేడితో కోసినచోట కాలినందుకు కూడా జ్వరం వస్తుంది. పొట్ట గట్టిగా ఉందా?"

"ఉంది మేడమ్. మరీ బల్లలాగ కాదు."

"చూపరి పుస్తకం తియ్యి. నీళ్ళ పరీక్ష దగ్గర ఏం రాశాడో చదువు."

సింహాద్రి చదివాడు. నా వాక్యాలు రెండూ స్పష్టంగా వినిపించాయి.

"సందేహం లేదన్నమాట."

"రాయనేదు మేడమ్."

"సరే అయితే. నా దగ్గరున్నది ఒక్క బోటు. ఏడో దిమ్మలో కాన్పు కష్టమైంది, అక్కడికి పంపిస్తున్నా. మీ పేషెంటుని రేపు పొద్దుటిదాకా చూడండి."

నేను రేడియోకు నాలుగడుగుల దూరంలో ఉన్నాను. మాట్లాడలేదు.

రేడియో ఆపి సింహాద్రి నా వైపు తిరిగాడు.

"గురువుగారూ, ఆ రోజు బుడగన్నారు."

"అన్నాను."

"మీరు రాయనేదు. నేను సూడనేదు. డాక్టరమ్మకి ఏటని సెప్పాల?"

అతను మంచం దగ్గరికి వెళ్ళి మళ్ళీ నాడి చూశాడు.

నాలుగింటికి నాడి 128. కడుపు బల్లలా ఉంది. చెయ్యి వేస్తే కాసులమ్మ అరవడం లేదు, ఊపిరి బిగబడుతోంది. జోకులు ఆగిపోయాయి. ఎర్రన్న నన్నూ సింహాద్రినీ మార్చి మార్చి చూస్తున్నాడు.

4:10కి పుస్తకం తెరిచి రాశాను: 'జూన్ 9, 11:07. మూడో క్లిప్పుకీ నాలుగో క్లిప్పుకీ మధ్యనుంచి ఒక బుడగ. సందేహం. ఆలస్యంగా నమోదు చేస్తున్నాను.' పేజీని యంత్రానికి చూపించాను. 4:16కి తాళం పడింది.

వేదవల్లిగారికి నేనే చెప్పాను.

"సోమవారం చూసి ఇవాళ చెబుతున్నావా?"

"అవునండి."



"బోటు ఇప్పుడు ఏడో దిమ్మ దగ్గరుంది. అక్కణ్ణుంచి మీకు తొమ్మిది గంటలు. మీనుంచి నాకు పదకొండు."

"తాళం తీయించి మళ్ళీ పాముతో ఒక క్లిప్పు వేయిస్తే?"

"సోమవారం ఒక్క క్లిప్పు సరిపోయేది. ఇప్పుడు అంచులు ఉబ్బి మెత్తబడి ఉంటాయి, క్లిప్పు కోసుకుపోతుంది. పొట్ట తెరవాలి. కడగాలి. పక్కన ఉండే కొవ్వు మడత లాగి రంధ్రం మీద వేసి కుట్టాలి. అంతదాకా ఆవిడ ఉండాలి."

ఏడో దిమ్మలో తల్లీ బిడ్డా బతికారని ఆరింటికి కబురు వచ్చింది.

జూన్ 12, గురువారం

మధ్యాహ్నం 12:40కి కాసులమ్మా, ఎర్రన్నా, నేనూ ఒడ్డు చేరాం. పేషెంటుతోపాటు చూపరి వెళ్ళాలని నియమం ఉంది. లేకపోయినా వెళ్ళేవాణ్ణి.

1:15కి వేదవల్లిగారు కడుపు తెరిచారు. నేను ఇలాంటిది చూడడం ఇదే మొదటిసారి. కోత పొడవు పదిహేను సెంటీమీటర్లు. రెండు లీటర్ల మురికి నీరు తోడారు. పది లీటర్లతో కడిగారు.

"ఇలా రా" అన్నారు. వెళ్ళాను. జీర్ణాశయం బయటి గోడ మీద సన్నటి చీలిక ఉంది. లోపలినుంచి క్లిప్పుల కాళ్ళు చేతికి తగులుతున్నాయి. చివరనుంచి లెక్కపెట్టారు. ఒకటి, రెండు, మూడు. ఆగారు.

"రెండు మిల్లీమీటర్లు. రాసుకో."

రాశాను.

సాయంత్రం రక్తపోటు 80 దాటడం లేదు. మూత్రం గంటకు పది మిల్లీలీటర్లు.

జూన్ 14, శనివారం

నిన్న మూత్రం ఆగిపోయింది. ఇక్కడ రక్తం వడకట్టే యంత్రం ఉంది. పెట్టారు. రక్తపోటు పడిపోతుంటే రెండు గంటలకే ఆపేశారు. ఇవాళ పొద్దున్న వేదవల్లిగారు ఎర్రన్నను బయటికి పిలిచి మాట్లాడారు. ఏం చెప్పారో నేను వినలేదు. అతను తిరిగి వచ్చి వరండాలో నా పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. ఎర్రన్న నాతో నేరుగా మాట్లాడడం ఇదే మొదలు.

"బాబూ. నువ్వు సూసేవంట."

"చూశాను."

"ఎప్పుడు?"

"మొదటి రోజే. పాము ఇంకా లోపల ఉండగానే."

అతను చేతులు చూసుకున్నాడు. తాడు ఒరిసి అరచేతులు రెండూ నల్లగా కాయలు కాచి ఉన్నాయి. కొడతాడేమో అనుకున్నాను. అప్పటికి అదే నయం అనిపించింది.

"మా కాసులమ్మకి సెప్పేవా?"

"లేదు."

"ఎల్లి సెప్పు. ఇంకా యింటంది."

లోపలికి వెళ్ళాను. అతనూ వెనకే వచ్చాడు. కాసులమ్మ కళ్ళు పచ్చబడ్డాయి, మొహం ఉబ్బింది. పేరు పెట్టి పిలిస్తే నా వైపు చూసింది. జరిగింది జరిగిన వరుసలో చెప్పాను. ఎన్ని గంటలకు చూశాను, సింహాద్రిని ఏమడిగాను, పుస్తకంలో ఏం రాశాను, ఏం రాయలేదు. రెండోది వస్తుందేమోనని చూశాననీ, రాలేదు కాబట్టి వదిలేశాననీ చెప్పాను.

ఆమె వినలేదనుకున్నాను.

"ఒక్కటి సాలదేటి బాబూ?" అంది.

నేను తల వంచుకున్నాను.

"నాను కిందనుంటే, పైన మా మావ తాడట్టుకుని నా బుడగలే సూస్తుంటాడు. ఒక్కటి తేడాగా వొస్తే లాగీడమే. రెండోది వొస్తాదా రాదా అని కూకోడు." ఊపిరి తీసుకుంది. "నాకేటీ అయ్యుండదు. నాచు కోత సగంలో ఉంటాది. పైకొచ్చి తిట్టీదాన్ని. ఎన్నిసార్లు తిట్టేనో."

"పదమూడు" అన్నాడు ఎర్రన్న.

"సూడు, లెక్కెట్టేడు" అంది కాసులమ్మ నాతో. పెదాలు కొంచెం కదిలాయి. తర్వాత కళ్ళు మూసుకుంది.

జూన్ 15, ఆదివారం

సాయంత్రం 4:20కి గరికిన కాసులమ్మ చనిపోయింది. ఎర్రన్న పక్కనే ఉన్నాడు. నేను గది బయట ఉన్నాను.

జూన్ 30, సోమవారం

దిమ్మకు తిరిగి వచ్చి పన్నెండు రోజులైంది. ఇన్నాళ్ళూ రాయలేదు.

బోటు దొరికేలోపే జూన్ 24న లచ్చయ్య నెత్తురు కక్కుకుని పోయాడు. ఆపరేషన్ 213 అతనిది కావాల్సింది. తాళం పడకపోతే జూన్ 12న అయిపోయి ఉండేది. బుడగ చూసినప్పుడే రాసినా తాళం పడేది, అప్పుడూ లచ్చయ్య పోయేవాడేమో. కాసులమ్మ మిగిలేది. రాయకుండా ఉంటే కాసులమ్మ పోయేది, లచ్చయ్య మిగిలేవాడు. నేను రెండు రోజులు ఆగి రాశాను కాబట్టి ఇద్దరూ పోయారు. ఈ లెక్కను మూడు రోజులనుంచి తిప్పి తిప్పి చూస్తున్నాను. తప్పు దొరకలేదు.

తనిఖీ మనిషి ఇవాళ వచ్చాడు. పంతొమ్మిదో రోజు. పాము దాచుకున్న వీడియో చూశాడు. అది సెకనుకు ఒక బొమ్మే దాస్తుంది. 11:07 దగ్గరి బొమ్మల్లో బుడగ లేదు.

"మీరు కాక ఇంకెవరైనా చూశారా?"

"లేదు."

"చూసినట్టు 'అనిపించింది' అని రాసుకోమంటారా?"

"చూశాను అని రాసుకోండి."

రాసుకున్నాడు. నన్ను తీసేస్తారని అనుకున్నాను. ఆ మాటే అడిగాను. చూపరి పనికి ఈ ఏడాది ఎవరూ అర్జీ పెట్టలేదట. మూడింటికి తాళం తీసి, అదే బోటులో వెళ్ళిపోయాడు.

జూలై 3, గురువారం

ఇవాళ రెండు ఆపరేషన్లు పెట్టారు. మొదటిది 213, అరవై ఆరేళ్ళ ముసలాయన, వల అల్లేవాడు. తర్వాత నూకాలు. ఇరవై తొమ్మిదేళ్ళు. ఆరు వారాలుగా నెత్తురు పోతోంది. ఒంట్లో ఉండాల్సినదాంట్లో సగమే ఉందని సింహాద్రి చెప్పాడు. లచ్చయ్య పోయాక వరుసలో ఆమెను ముందుకు జరిపారు. పొద్దుటినుంచి ఏమీ తినకుండా బయట బెంచీ మీద కూర్చుంది.

ముసలాయనకు రంధ్రం పద్నాలుగు మిల్లీమీటర్లు. అయిదు క్లిప్పులు. 10:51కి నీళ్ళ పరీక్ష.

10:52కి రెండో క్లిప్పు పక్కన తెల్లటిది ఒకటి కనిపించి పోయింది. బుడగ కావచ్చు. లాలాజలం నురుగు కావచ్చు. సింహాద్రి ఈసారి కళ్ళార్పకుండా తెరనే చూస్తున్నాడు.

పుస్తకం తీసి 'సందేహం' అని రాశాను. పేజీ చూపించాను. పాము అక్కడ ఇంకో క్లిప్పు వేసింది. 10:58కి బయటికి వచ్చింది. 11:01కి తాళం పడింది.

"నాకగుపడ్నేదు గురువుగారూ" అన్నాడు సింహాద్రి.

"తెలుసు."

"లచ్చయ్యని మర్సిపోయేరేటి?"

"లేదు."

అతను తడిగుడ్డ తీసుకుని ముసలాయన మూతి తుడిచాడు.

తాళం పడిన చప్పుడు బయటికి వినిపించింది. నూకాలు తలుపు దగ్గరికి వచ్చింది. పెదాలు తెల్లగా ఉన్నాయి.

"మరి నాది?"

"తనిఖీ మనిషి రావాలి. ఒడ్డుకు ఇప్పుడే కబురు పెడతాం. నిన్ను బోటులో వేదవల్లిగారి దగ్గరికి పంపమని కూడా అడుగుతాను."

"ఎన్నాళ్ళవుతాది?"

"కిందటిసారి తనిఖీకి పంతొమ్మిది రోజులు పట్టింది. బోటు సంగతి తెలియదు."

ఆమె తలుపు చెక్క పట్టుకుంది.

"నిజంగా సూసేవా బాబూ?"

"చూశాననుకుంటున్నాను."

"అనుకుంటన్నావా" అంది. అరవలేదు. పమిట సర్దుకుని, గోడ పట్టుకుని నడవడం మొదలుపెట్టింది.

వార్డు తలుపునుంచి మెట్లదాకా ఇరవై రెండు అడుగులు. రెండుసార్లు ఆగింది.